ఐగుప్తుకు తరువాతి వచనం

2012 అక్టోబరులో ఒక శుక్రవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు వాషింగ్టన్ శివారు హెర్న్‌డన్‌లోని మా చెల్లెలి ఇంటి నుంచి నేను జెర్సీ సిటీకి బయలుదేరాను. అక్కడ చూడవలసిన వింతలు ఉన్నాయని కాదు. ఒక పెద్దమనిషికి క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్ళాను. ఈమెయిల్ పంపితే చాలదా అని మా తెలుగు క్రైస్తవ సహవాసంలో కొందరు అడిగారు. చాలదని కమిటీ సమావేశంలోనే చెప్పాను. ఆ మాటను మినిట్స్ పుస్తకంలో నా చేతితోనే రాశాను, ఎందుకంటే ఆ పుస్తకం రాసేది నేనే.

ముందు జరిగిన సంగతి చెప్పాలి. నేను ముప్పై నాలుగేళ్ళు నరసాపురంలో ఉపాధ్యాయురాలిగా పనిచేసి విరమించాను. నర్సుగా ఎప్పుడో ఈ దేశం వచ్చిన మా చెల్లెలు కరుణ నన్ను 2000లో తన దగ్గరకు పిలిపించుకుంది. మరుసటి ఏడు మేము పన్నెండు తెలుగు క్రైస్తవ కుటుంబాలవాళ్ళం కలిసి ఆరాధనకు ఒక గది వెతికాము. న్యూయార్క్ జంట భవనాలు కూలిన సెప్టెంబరు దాటిన రోజులవి. మా మగవాళ్ళు గడ్డం నున్నగా గీసుకొని గాని దుకాణానికైనా వెళ్ళేవారు కాదు. నాలుగు చోట్ల అడిగాము, నాలుగు చోట్లా మర్యాదగా లేదన్నారు. ఆ తేదీలన్నీ నా దగ్గర ఉన్నాయి. ఐదోచోట, ఒక ఈజిప్టు క్రైస్తవ ఆలయంలో, హాలు బాధ్యత చూసే హబీబ్ గారు మా మాట పూర్తిగా వినకుండానే తాళంచెవి చేతిలో పెట్టారు. "మా ఆరాధన పన్నెండింటికి అయిపోతుంది. తరువాత గది ఊరికే ఉంటుంది. దేవుని గది ఊరికే ఉండకూడదు" అన్నారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మేము అక్కడే కూడుకుంటున్నాము.

ప్రతి అక్టోబరులో పిల్లలకు వాక్య కంఠస్థ పోటీ పెడతాము. వచనాలు ఎంచేది నేను. ఈసారి నేను ఎంచిన అంశం, ఇశ్రాయేలును బాధించిన పది జనములు, వాటి మీదికి వచ్చిన తీర్పు. దానికి నా దగ్గర ముప్పై ఏళ్ళ నాటి నోటు పుస్తకం ఉంది. నాలుగు గడులు: జనము పేరు, చేసిన అన్యాయం, పొందిన తీర్పు, ఎక్కడ రాసి ఉంది. ఈ అంశం మీద నాకు పట్టుదల ఉన్న మాట నిజం. దిక్కులేని జనం పసిపిల్లలను నదిలో పారవేయించిన ఐగుప్తు రాజు ఫరో పేరును పైన ఒకరు రాసుకుంటున్నారని ప్రతి బిడ్డకూ తెలియాలి. బలవంతుడి లెక్క ఎవరూ అడగరనుకునే లోకంలో అది తెలియకుండా పిల్లలను పెంచడం అన్యాయం.

ఐగుప్తు కార్డు జోయన్నాకు వచ్చింది. పదకొండేళ్ళ పిల్ల. యెహెజ్కేలు ఇరవై తొమ్మిదో అధ్యాయం పన్నెండో వచనం: ఆ దేశం నలభై ఏళ్ళు పాడై ఉంటుందని, ఆ ప్రజలు దేశదేశాలకు చెదిరిపోతారని. అమెరికా యాసలో, ఇంగ్లీషులో, ఒక్క అక్షరం తప్పకుండా గొంతెత్తి చెప్పింది. తప్పు లేకుండా చెప్పిన పిల్లకు హాలంతా చప్పట్లు కొట్టడం మా అలవాటు. కొట్టాము. నేనూ కొట్టాను.

చివరి వరుసలో, పిల్లలకు పంచడానికి ఖర్జూరాల పెట్టె ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న హబీబ్ గారు లేచారు. వంటగదిలోకి వెళ్ళి కాఫీ కెటిల్ కడిగి బోర్లించారు. తాళంచెవుల గుత్తి గట్టు మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆయన జెర్సీ సిటీలోని కూతురింటికి వెళ్ళారని సోమవారం ఆలయంవారు చెప్పి చిరునామా ఇచ్చారు. రెండు వారాలైనా తిరిగి రాలేదు. మాలో ఎవరి ఫోనూ ఎత్తలేదు.

కమిటీ కార్యదర్శి విజయ్ నాతో అన్న మాట యథాతథంగా ఇది: "ఆంటీ, మనం ఆయన్ని పర్సనల్‌గా ఏమన్నాం? అది బైబిల్లో ఉన్న వర్సే కదా! ఒక మంచి ఈమెయిల్ డ్రాఫ్ట్ చేసి పంపిద్దాం. మీరు ఎక్కువ ఓవర్‌థింక్ చేస్తున్నారు."

పదకొండేళ్ళుగా తలుపు తీసినవాడికి ఈమెయిల్! ఆ రాత్రి కోపంతో నాకు అన్నం సహించలేదు. అయితే జోయన్నా అడిగినదానికి కోపం పనికిరాలేదు. "ఆంటీ, హబీబ్ అంకుల్ నా మీద మ్యాడ్ ఉన్నాడా? నేను రాంగ్ చెప్పానా?" అంది. తప్పు చెప్పలేదన్నాను. "మరి ఎందుకు వెళ్ళాడు?" దానికి జవాబు నా పుస్తకంలో నాలుగు గడుల్లోనూ లేదు. ఆయన ఇక రాకపోతే ఈ పిల్ల జన్మలో మళ్ళీ వచనం నోట పట్టదని నాకు అర్థమైంది. టికెట్టు కొన్నాను.

ఆ శుక్రవారం కరుణకు సెలవు. మెట్రో స్టేషన్ దాకా తానే డ్రైవ్ చేసింది.

"అక్కా, నిజం చెప్పు. నువ్వు వెళ్ళేది సారీ చెప్పడానికా, క్లాసు పీకడానికా?"

"రికార్డు సరిచేయడానికి."

"ఆయన డోర్ తీయకపోతే?"

"మెట్ల మీద కూర్చుంటాను. పులిహోర ఉంది."

"చలికి మోకాళ్ళు పట్టేస్తే నాకు ఫోన్ చెయ్యకు" అంటూనే తన ఉన్ని శాలువా నా సంచిలో కుక్కింది.

ఏడు గంటలకు ముందే మెట్రో దొరికింది. ఒకచోట లైను మారి ఏడూ నలభైకి వాషింగ్టన్ పెద్ద స్టేషన్‌లో దిగాను. నా రైలు ఎనిమిదీ పదికి. ఈ దారిన వెళ్ళదలచినవారికి ఒక సూచన: ఉత్తరానికి పోయేటప్పుడు కుడివైపు కిటికీ పట్టండి. బాల్టిమోర్ దాటాక రైలు మూడు చోట్ల విశాలమైన నీళ్ళ మీదుగా పోతుంది. మరో సూచన, రైలులో కాఫీ కొనకండి. దాన్ని కాఫీ అన్నవారి మీద ఫిర్యాదు రాయాలనిపించింది. అంచు ఊడిన కాగితం కప్పు చూశాక రాసి లాభం లేదని మానుకున్నాను.

బాల్టిమోర్‌లో ఒక వృద్ధురాలు ఎక్కి నా పక్కన కూర్చున్నారు. నా కన్నా పెద్దావిడ, డెబ్బై అయిదు దాటి ఉంటాయి. పేరు మిరియమ్. ఫిలడెల్ఫియాలో తమ్ముణ్ణి చూడబోతున్నారట. నేను పుస్తకం తెరిచి గడులు చూసుకుంటున్నాను. ఆమె కాసేపు ఓర్చుకొని, "ఎవరి జమాఖర్చులు?" అని అడిగారు.

"లేఖనాల్లో యూదులను బాధపెట్టిన జనాల పట్టిక. ఎవరు ఏం చేశారు, ఏం అనుభవించారు."

ఆమె కళ్ళజోడు సరిచేసుకున్నారు. "అయితే ఇది మా ఇంటి సంగతే" అని నవ్వారు. "మీరు మా కన్నా శ్రద్ధగా ఉంచారు. ఫరో ఏ పేజీలో?"

మొదటి పేజీ చూపించాను. అప్పుడు, ఎవరికీ చెప్పని సంగతి పరాయి మనిషికి చెప్పడం సులువు కాబట్టి, చప్పట్ల సంగతి మొత్తం చెప్పాను. మీరే న్యాయం చెప్పండి, దెబ్బ తిన్నది మీవాళ్ళు, ఆ తీర్పు విని సంతోషించకూడదా అని అడిగాను.

"మేము మరిచిపోలేదు. ఏటా పస్కా పండుగ రాత్రి బల్ల చుట్టూ కూర్చుని ఐగుప్తు మీదికి వచ్చిన పది తెగుళ్ళూ పేరు పేరునా చదువుతాం. ఒక్కొక్క పేరుకూ గిన్నెలో వేలు ముంచి ఒక్కొక్క ద్రాక్షారసపు చుక్క పళ్ళెంలో వదులుతాం" అన్నారు.

"ఎందుకు?"

"మా నాన్న చెప్పినది చెబుతాను. మన విడుదల కోసం వాళ్ళు చచ్చారు. వాళ్ళ పిల్లలూ చచ్చారు. కాబట్టి ఆ రాత్రి మన గిన్నె నిండుగా ఉండకూడదు." తరువాత గొంతు తగ్గించి, "మా తమ్ముడు ఆ వేలు నాకేవాడు. నాకవద్దని అమ్మ చేతి మీద ఒక్కటి వేసేది. వాడికిప్పుడు డెబ్బై. ఇప్పటికీ నాకుతాడు" అన్నారు.

నేను నవ్వలేకపోయాను. ఫిలడెల్ఫియాలో ఆమె దిగే ముందు నా పుస్తకం మీద చెయ్యి ఆనించి, "చింపకండి. లెక్క ఉండాలి. ఎలా చదువుతామన్నదే సంగతి" అన్నారు. పది గంటలైంది. ఆ మాటలు అక్కడే, తేదీతో సహా, రాసుకున్నాను.

పదకొండూ పదికి న్యూవార్క్. అక్కడి నుంచి జెర్సీ సిటీకి చిన్న రైలు, ఇరవై నిమిషాలు. దిగి పది నిమిషాలు నడిచాను. వీధిలో అరబీ బోర్డుల మధ్య మన దోసెల హోటలు బోర్డు కనబడింది. ఆగలేదు. హబీబ్ గారి కూతురు నాదియా తలుపు తీసింది. నా చీరనూ శాలువానూ చూసి నేనెవరినో పోల్చుకొని, "మీరు వర్సుల టీచరా?" అంది. తలుపు మాత్రం మూయలేదు. అది శుభమనుకున్నాను.

హబీబ్ గారు వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని నానబెట్టిన చిక్కుడు గింజల పొట్టు తీస్తున్నారు. లేవలేదు. కుర్చీ చూపించారు. నేను కూర్చోకుండానే, దారి పొడుగునా సిద్ధం చేసుకున్న నాలుగు వాక్యాలూ చెప్పాను. ఆయన విన్నారు. ఇంకో గింజ పొట్టు తీశారు.

"టీచర్, మా హాలు గుమ్మం లోపలివైపు పైన నీలం పలకల మీద ఏం రాసి ఉంది?"

అరబీ అక్షరాలు ఉన్నాయని తెలుసు. దాతల పేర్లని మావాళ్ళు అనుకునేవారు. అగ్ని ప్రమాద సూచన కాబోలని నేను అనుకున్నాను. అదే చెప్పాను.

ఆయన పొట్టు తీయడం ఆపారు. "యెషయా పంతొమ్మిదో అధ్యాయం చివరి వచనం. ఐగుప్తును నా జనం అని దేవుడు పిలిచి దీవించే మాట. మా పిల్లలకు మాటలు రాగానే నేర్పే వచనం అది. పదకొండేళ్ళు దాని కింద నుంచే నడిచారు. క్రిస్మస్‌కి మీ కాగితపు నక్షత్రం సరిగ్గా దాని మీదే వేలాడదీస్తారు."

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెలియనప్పుడు నాకు కోపం వస్తుంది. "మాకు ఎవరూ చెప్పలేదే!" అన్నాను.

"మీరెవరూ అడగలేదే!" అన్నారు ఆయన. స్టవ్ దగ్గర నిలబడిన నాదియా అటు తిరిగి నవ్వు దాచుకుంది.

అప్పుడు ఆయన గోడ మీది అరలో ఉన్న బైబిలు తెచ్చి యెహెజ్కేలు తెరిచారు. పన్నెండో వచనం కింద వేలు పెట్టి ఒక వరుస దించారు. పదమూడు. నలభై ఏళ్ళ తరువాత చెదిరిన ఐగుప్తీయులను తిరిగి సమకూరుస్తానని అదే దేవుడు, అదే అధ్యాయంలో, అదే నోటితో చెప్పిన మాట. ఆ అధ్యాయం నేను ఎన్నిసార్లు చదివానో లెక్క చెప్పగలను. నా గడికి 'తీర్పు' అని పేరు పెట్టుకున్నాను కాబట్టి తీర్పు అయిపోగానే నా కలం ఆగింది. ముప్పై ఏళ్ళలో దాని కింది వరుస వైపు నా చూపు పోలేదు. బైబిల్లో ఐగుప్తు, పటంలో ఈజిప్టు. మొదటిది ఎప్పుడో మునిగిపోయిన దేశమన్నట్టు నేను పాఠం చెప్పాను. అక్కడి మనిషి ఖర్జూరాలు పట్టుకొని నా వెనుక వరుసలోనే కూర్చున్నాడు.

"ఈ పట్టిక కొట్టేస్తాను. పిల్లల కార్డులు వెనక్కి తీసుకుంటాను" అన్నాను.

"వద్దు!" ఆయన బల్ల మీద చెయ్యి వేసిన తీరుకు గింజలు దొర్లాయి. "ఎవరు కొట్టేయమన్నారు? ఫరో ఆ పిల్లలను నదిలో వేయించాడు. అబద్ధమా? మా తాతల మీద కూడా ఫరోలు వచ్చారు, పోయారు. బలం లేని రోజున నేను చదువుకునేది ఆ తీర్పు అధ్యాయాలే. వాటిని తీసేస్తే నాలాంటివాడు దేన్ని పట్టుకోవాలి?"

"మరి ఎందుకు లేచి వెళ్ళారు?"

ఆయన దొర్లిన గింజలు దగ్గరకు తీసుకున్నారు. "చప్పట్లు. ఆ పిల్ల జ్ఞాపకశక్తికి కొట్టారు, నాకు తెలుసు. కాని నా చెవులు ఈజిప్టు చెవులు, టీచర్. నా దేశం పాడవుతుందన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు. నా చెవులు విన్నది అంతే."

అప్పుడు మిరియమ్ గారి గిన్నె సంగతి చెప్పాను. పది చుక్కల సంగతి, నాకకూడని వేలి సంగతి. ఆయన చేతిలోని గింజ చేతిలోనే ఉండిపోయింది. "ఇన్ని తరాలుగా," అన్నారు, "యూదుల ఇళ్ళల్లో మా పిల్లల కోసం గిన్నె తగ్గిస్తున్నారా? నాదియా, విన్నావా?" నాదియా వినలేదు. అందుకని ఆయనే అరబీలో మళ్ళీ చెప్పారు. మధ్యలో ముక్కు చీదుకొని, పూర్తి చేశారు.

ఒంటిగంటన్నరకు భోజనం. శుక్రవారం వారికి ఉపవాసం. అంటే తినరని కాదు, మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఉడికించి మెదిపిన చిక్కుడు గింజల మీద నూనె, నిమ్మరసం, జీలకర్ర. పక్కన వేడి రొట్టె. నా పులిహోర కూడా ఉపవాసానికి పనికివచ్చింది. నాదియా రెండుసార్లు వడ్డించుకొని, "ఆంటీ, పసుపు ఎంత వేశారు?" అని అడిగింది. ఆ రాత్రి అక్కడే ముందు గదిలోని సోఫా మీద పడుకున్నాను. హోటలు ఖర్చు తప్పింది. నడుము నొప్పి మాత్రం వచ్చింది.

శనివారం ఉదయం ఎనిమిదింటికి నేను సంచి సర్దుకుంటుండగా హబీబ్ గారు కోటు వేసుకొని వచ్చారు. నన్ను స్టేషన్ దాకా దిగబెట్టడానికనుకున్నాను. వెనుక నాదియా ఒక చిన్న పెట్టె పట్టుకొని ఉంది.

"తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?" అన్నారు.

"నా దగ్గరే." సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆయన ఒక్కొక్క చెవినీ లెక్కపెట్టుకొని లోపలి జేబులో వేసుకున్నారు.

"నాన్నా, మెల్లగా ఎక్కు, మెల్లగా దిగు" అంది నాదియా. "ఆంటీ, ఈయన మీకు క్లాసు పీకుతాడు, ఓర్చుకోండి." కరుణ నా గురించి అన్న మాటే ఈ అమ్మాయి తండ్రి గురించి అనడం విని కాస్త ఊరట కలిగింది.

న్యూవార్క్‌లో తొమ్మిదీ నలభైకి రైలు. పదిహేను నిమిషాలు ఆలస్యం. ప్రకటనలో కారణం చెప్పలేదు, అందుకని నేను గార్డును అడిగాను. అతనికీ తెలియదట. ఇప్పుడు నీళ్ళు ఎడమవైపు వస్తాయని హబీబ్ గారిని అటు కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. ట్రెంటన్ దాటాక జోయన్నా ఇంటికి ఫోన్ చేసి ఆయన చేతికి ఇచ్చాను.

"జోయన్నా? నువ్వు సరిగ్గానే చెప్పావు. నీకు ఇచ్చిన కార్డే పొట్టిగా ఉంది. తరువాతి వచనం రేపటికి నేర్చుకుంటావా?"

ఫోన్‌లో అటునుంచి పెద్దగానే వినబడింది. "ఓకే అంకుల్. చిన్నదేనా? నాకు రేపు సాకర్ కూడా ఉంది."

"చిన్నదే. ఇంకో సంగతి. చెప్పాక ఎవరూ చప్పట్లు కొట్టరు. భయపడకు."

"డేట్స్ తెస్తారా?"

"తెస్తాను" అన్నారు.

ఫిలడెల్ఫియాలో నేను పుస్తకం తెరిచి స్కేలుతో ఐదో గడి గీశాను. దాని పేరు 'తరువాత'. ఇద్దరం ఒకే బైబిలు మీద వంగి వెతికాము. ఐగుప్తుకు, అష్షూరుకు యెషయా ఇచ్చాడు. మోయాబును చివరికి చెరలోంచి తిరిగి రప్పిస్తానని, అమ్మోనునూ అలాగేనని యిర్మీయాలో ఉంది. మిద్యాను ఒంటెలు స్తుతి మోసుకొని వస్తాయని యెషయాలోనే మరోచోట ఉంది. బబులోను, ఫిలిష్తియ, తూరు ఎనభై ఏడో కీర్తనలో ఒకే వరుసలో దొరికాయి. ఎదోము దగ్గర ఇద్దరికీ వాదన వచ్చింది. నేను ఆమోసు అన్నాను. ఆయన ద్వితీయోపదేశకాండము ఇరవై మూడో అధ్యాయం తెరిచి చదివారు. ఎదోమీయుణ్ణి అసహ్యించుకోవద్దు, అతడు నీ సోదరుడు. ఐగుప్తీయుణ్ణీ అసహ్యించుకోవద్దు, నీవు అతని దేశంలో పరదేశిగా ఉన్నావు.

చదివినాయన తల ఎత్తలేదు. నాకు మా హాలు గుర్తుకు వచ్చింది. రెండు మాటలూ రాసుకున్నాను.

బాల్టిమోర్ వచ్చేసరికి తొమ్మిది గడులు నిండాయి. మిగిలినది అమాలేకు. అలసిపోయి వెనుకబడిన ముసలివాళ్ళను, పిల్లలను దారిలో నరికిన జనం. ముందు నుంచి వెనుకకూ, వెనుక నుంచి ముందుకూ పుటలు తిప్పాము. వారికి తిరిగి రావడం గురించి ఎక్కడా ఒక్క మాట దొరకలేదు.

"ఏం రాయమంటారు?" అన్నాను.

"రాసి లేనిది మనం రాయకూడదు."

"అయితే 'లేదు' అని రాస్తాను."

ఆయన నా కలం మీద వేలు ఆనించారు. "లేదని కూడా రాసి లేదు కదా, టీచర్."

ఒంటిగంటకు వాషింగ్టన్‌లో దిగాము. ఈ దేశంలో పన్నెండేళ్ళు ఉండి నేను చేసిన రైలు ప్రయాణాలలో ఇదే దూరమైనది. రానూ పోనూ టికెట్టు నూట అరవై డాలర్ల లోపే అయింది. తీర్పు తీర్చేవాడు ఉన్నాడని వెళ్ళేటప్పుడూ నమ్మాను, వచ్చేటప్పుడూ నమ్మాను. ఆయన పూర్తి చేయకముందే నేను పుస్తకం మూశానన్నది మాత్రం వచ్చేటప్పుడే తెలిసింది. మాలాంటి మరో సహవాసం ఏదైనా ఈ వచనాలు పిల్లలకు నేర్పదలిస్తే నేర్పండి, మానవద్దు. అయితే ఎవరి గుమ్మం కింద నిలబడి చదువుతున్నారో ముందు అడిగి తెలుసుకోండి, ఒక్క వరుస అదనంగా చదవండి.

మెట్రోలో హబీబ్ గారు కునుకు తీశారు. నేను పట్టిక మరొకసారి సరిచూసుకున్నాను. ఖాళీ గడి మిగిలితే ఎవరూ తరువాత ఏమీ చేర్చకుండా దానికి అడ్డంగా గీత కొట్టాలని మా బడి ఆఫీసులో నియమం ఉండేది. ముప్పై నాలుగేళ్ళు కొట్టాను. ఆ రోజు అమాలేకు ఎదుటి గడిని తెల్లగానే వదిలి, కలానికి మూత పెట్టాను.